సీసపు గుండు, సీసపు అక్షరము

తెలుగువారికి సీసమనగానే ముందు పద్యము జ్ఞప్తికి వచ్చును. పద్యము వెంట శ్రీనాథుడు స్ఫురించును. ఈ ప్రసంగమున మేము చెప్పబోవునది ఆ సీసమును గూర్చి కాదు, లోహమైన సీసమును గూర్చి. మన వైద్యులు నాగమని పిలిచి భస్మము చేసిన లోహమిది. గోటితో గీసిన గీత పడును. కత్తితో కోసిన తెగును. కుంపటిపై నుంచిన కరగును. ఇంత మెత్తని లోహమును మానవుడు సాటి మానవుని ప్రాణము తీయుటకు రెండువేల యేండ్లకు పైగా ఏరికోరి వాడినాడు. ఇనుము చేతిలో నుండగా సీసమునే ఏల ఎన్నుకొనెను? అందులో ఏ లోహములను, ఎందుకు కలిపెను? ఆ మిశ్రమమే మరియొక మూసలో పడి ఏమయ్యెను? ఈ మూడు ప్రశ్నలకును చరిత్ర ఏమని బదులు చెప్పునో చూతము.

సీసమునకు ముఖ్యముగా మూడు గుణములు కలవు. మొదటిది బరువు. ఒక ఘన సెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగును. అంతే ఇనుము 7.9 గ్రాములు తూగును. రాయి మూడు గ్రాములకు మించుట అరుదు. విసరిన వస్తువునకు గాలి అడ్డుపడును గదా. ఒకే పరిమాణము గల రెండు గుండ్లలో బరువైనది తన వేగమును ఎక్కువ దూరము నిలుపుకొనును. రెండవ గుణము కరగుట. సీసము 327 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. రాగికి 1085 డిగ్రీలు, ఇనుమునకు 1538 డిగ్రీలు కావలయును. ఇనుమును కరగించుటకు కొలిమి, తిత్తులు, రాశులకొలది బొగ్గు, నేర్పరియైన పనివాడు ఉండవలయును. సీసమునకు వంటపొయ్యియు, ఇనుప గరిటెయు చాలును. మూడవ గుణము మెత్తదనము. తుపాకి గొట్టముతో ఒరసికొని పోవునప్పుడు గుండే అరుగును గాని గొట్టము చెడదు. ఈ మూడవ గుణమే మొదట వరమై, పిమ్మట చిక్కై నిలిచినది. గుండ్ల లోహముల చరిత్రలో అధికభాగము ఈ మెత్తదనముతో మానవుడు పడిన పెనుగులాటయే.

తుపాకి పుట్టుటకు వెయ్యేండ్లకు మించిన ముందుకాలముననే సీసపు గుండు పుట్టినది. జొన్నచేలలో మంచె మీద నిలిచి పిట్టలను తోలుటకు మన రైతులు త్రిప్పిన వడిసెల శ్రోతలలో చాలమందికి తెలిసినదే. ఆ వడిసెలయే ప్రాచీన గ్రీసు, రోము దేశములందు యుద్ధాయుధము. అచ్చటి వడిసెలగాండ్రు ఏటిరాళ్ళతో తృప్తిపడలేదు. మూసలలో సీసము పోసి, బాదముకాయ ఆకారమున గుండ్లు చేసికొనిరి. అవి గాలిలో కంటికి కనబడవు. దెబ్బ తగిలిన పిమ్మటనే తెలియును.

ఇందొక విచిత్రము కలదు. ఆ గుండ్ల మీద అక్షరములుండెడివి. మూసలోనే అక్షరములు చెక్కి సీసము పోసిన, గుండుతోపాటు మాటయు అచ్చుపడును. మాసిడోనియా రాజైన ఫిలిప్పు క్రీ.పూ. 348లో ఒలింథస్ నగరమును ముట్టడించి నేలమట్టము చేసెను. ఆ శిథిలములను త్రవ్వినప్పుడు అతని పేరు గల సీసపు గుండ్లు దొరకినవి. మరికొన్ని గ్రీకు గుండ్లపై “పుచ్చుకొనుము” అను నర్థమిచ్చు ఒక్క మాట కనబడును. క్రీ.పూ. 41-40 సంవత్సరములలో ఇటలీలోని పెరూజియా ముట్టడిలో ఇరుపక్షములవారును ఒకరి నాయకులను ఒకరు తిట్టుచు, సభలో చదువరాని మాటలను గుండ్లపై పోతపోసి విసరుకొనిరి. సీసమున అక్షరము తేలికగా, స్పష్టముగా దిగునని మానవునికి ఆనాడే తెలియును. తెలిసికూడ ఆ తెలివిని శత్రువును పరిహసించుటకే వాడుకొనెను.

అదే యుగమునకు సమీపమున మన దేశమున సీసము వేరొక మూసలో పడినది. ఆంధ్ర శాతవాహనులు తమ నాణెములలో పెక్కింటిని సీసముతో వేయించిరి. తెలంగాణములోని కొండాపురము, పెద్దబంకూరు మొదలగుచోట్ల త్రవ్వకములలో సీసపు నాణెములు విరివిగా లభించినవి. వానిపై రాజుల పేర్లు బ్రాహ్మీలిపిలో చదువవచ్చును. సీసము భారతదేశమున లేదనియు, భారతీయులు ముత్యములును రత్నములును ఇచ్చి దానిని తెచ్చుకొందురనియు రోము పండితుడు ప్లీనీ వ్రాసెను. అది పూర్తిగా నిజము కాదు. రాజస్థానములోని జావర్ గనులు ప్రాచీనములు. మన పల్నాటి సీమలో అగ్నిగుండాల యొద్దను సీసపు ఖనిజమున్నది. అయినను రోము ఓడలు మన రేవులకు సీసమును తెచ్చిన మాట నిజమే. ఆనాటి సముద్రవర్తకుని గ్రంథమైన పెరిప్లస్ ఆ సరకును పేర్కొన్నది. అచ్చట శత్రువు తలపై పడిన లోహమే ఇచ్చట సంతలో చేతులు మారినది.

తుపాకి మందు చీనాదేశమున పుట్టి పడమరకు ప్రాకిన పిమ్మట సీసపు గుండునకు క్రొత్త జీవితము ప్రారంభమయ్యెను. పెద్ద ఫిరంగులకు రాతిగుండ్లు, తరువాత ఇనుప గుండ్లు వాడిరి. చేతి తుపాకికి మాత్రము సీసమే నిలిచెను. ఆ కాలమున ఏ రెండు తుపాకుల గొట్టములును అచ్చుగుద్దినట్లు ఒక్కటిగా నుండెడివి కావు. కావున తుపాకితోపాటు దానికి సరిపడు మూసను గూడ ఇచ్చెడివారు. సిపాయి రాత్రి నెగడు ప్రక్క కూర్చుండి తన గుండ్లను తానే పోసికొనెడివాడు. గొట్టపు కొలతను గూడ సీసముతోనే చెప్పిరి. ఒక పౌను సీసముతో గొట్టమునకు సరిపడు గుండ్లు పన్నెండు వచ్చిన అది పన్నెండు బోరు తుపాకి. నేటికిని వేటతుపాకికి ఆ పేరు నిలిచియున్నది. అంకె చెప్పువారిలో ఎందరికో దాని వెనుక సీసపు తూకమున్నదని తెలియదు.

సీసము చాలనప్పుడు, లేక పని వేరైనప్పుడు ఇతర లోహములును గుండ్లైనవి. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున అహమదునగరపు ఫిరంగుల అధిపతి రూమీఖాను, విజయనగర సైన్యము మీదికి వచ్చుచుండగా ఫిరంగులలో రాగి డబ్బుల సంచులను కూరి కాల్పించెనని చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాసెను. రాగి సీసముకంటె తేలికయైనది. దూరము పోవుటకు అంత తగినది కాదు. కాని దగ్గరకు వచ్చిన దళము మీద చిల్లర నాణెములు వడగండ్లవలె చెదరిపడును. సంతలో చెల్లవలసిన నాణెము ఆనాడు రణమున చెల్లినది. ఆ చెల్లుబాటుతో ఒక మహాసామ్రాజ్యమే కూలినది.

ఇక మిశ్రలోహముల మాట. 1540లో వెనిసు నగరమున ఇటాలియను భాషలో ఒక గ్రంథము అచ్చయినది. కర్త వన్నోచ్చో బిరింగుచ్చో; గ్రంథము వెలువడునాటికి అతడు జీవించి లేడు. లోహములను కరగించి పోతపోయు విద్యను సమగ్రముగా వివరించిన తొలి యచ్చు గ్రంథములలో అది ముఖ్యమైనది. అందు ఫిరంగులు పోయు విధానమున్నది, గంటలు పోయు విధానమున్నది, తుపాకి మందు సంగతియున్నది. వానితోపాటే అచ్చు అక్షరములను పోతపోయు లోహము సంగతియు ఉన్నది. తగరము, సీసము, ఆంటిమొని, ఈ మూడును కలిపి అక్షరములు పోయుదురని అతడు చెప్పెను. ఫిరంగియు, గంటయు, అక్షరమును ఒకే పుస్తకమున ఇరుగు పొరుగు ప్రకరణములైనవి. మన భాషలోనైతే ఈ బంధుత్వము మరింత దగ్గర. గుండు పోయు మూసయు అచ్చే. పుస్తకము వేయుటయు అచ్చే.

ఈ మూడు లోహముల కలయికలోని మర్మమును కొంచెము వివరింతము. ఉత్త సీసము మూసలో పోసిన మూలలకు సరిగా పారదు, చల్లారినప్పుడు కుదించుకొనును, గట్టిగా నొక్కిన అణగిపోవును. మన వైద్యులు వంగమని పిలిచిన తగరము కొంచెము చేర్చిన, కరగిన లోహము పలుచనై మూసయందలి ప్రతి గీతలోనికి పారును. కాటుకరాయినుండి తీయు ఆంటిమొని పెళుసైన లోహము. అది చేరిన సీసము గట్టిపడును, కుదింపు తగ్గును. వింత యేమనగా, తగుపాళ్ళలో కలిపిన ఈ మిశ్రమము ఉత్త సీసముకంటె గట్టిదయ్యు, దానికంటె తక్కువ వేడికే, సుమారు 240 డిగ్రీలకే కరగును. అక్షరములు పోయువానికి ఇంతకంటె ఏమి కావలెను? గుండ్లు పోయువానికిని ఇదియే కావలెను.

గుండ్లు పోయుట ఎంత తేలికయో, అందువలననే అది ఇంటింటి పనిగా ఎట్లు మారెనో తెలుపు వృత్తాంతమొకటి అమెరికా చరిత్రలో కలదు. 1776 జులై 9వ తేదీన న్యూయార్కు నగరమున స్వాతంత్ర్య ప్రకటనను సైన్యమునకు చదివి వినిపించిరి. విన్న జనము ఊగిపోయి, ఇంగ్లండు రాజైన మూడవ జార్జి విగ్రహమును త్రాళ్ళు కట్టి పడద్రోసిరి. ఆ విగ్రహము 1770లో నిలిపినది. సీసముతో పోసి బంగారుపూత పెట్టినది. దాని తునకలలో అధికభాగమును కనెక్టికట్టు రాష్ట్రమందలి లిచ్‌ఫీల్డు అను ఊరికి, ఆలివర్ వోల్‌కాట్ ఇంటికి చేర్చిరి. అతడు స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో ఒకడు. అచ్చట ఆడువారును పిల్లలును కూడి రాజును కరగించి గుండ్లు పోసిరి.

ఎవరెవరు ఎన్ని పోసిరో వోల్‌కాట్ లెక్క వ్రాసి యుంచెను. రూత్ మార్విన్ 11,592. కుమార్తెలు మేరీ ఆన్ 10,790, లారా 8,378. మార్విన్ గృహిణి 6,058. తొమ్మిదేండ్లైనను నిండని కుమారుడు ఫ్రెడరిక్ 936. తక్కినవారివి కలుపుకొని మొత్తము 42,088. ఈ లెక్కను చదువునప్పుడు మాకు కలిగిన భావమును మరుగుపరుపము. స్వాతంత్ర్యము కొరకు ఒక కుటుంబము పడిన శ్రమను చూచి మెచ్చుకొంటిమి. వెంటనే ఆ పసివాని 936 గుండ్లును కంటికి కట్టినవి. అవి ఎవరి పిల్లలకు తగిలినవో ఏ లెక్కలోను లేదు. ఇనుపగుండును పోయుటకు కార్ఖానా కావలెను. సీసపు గుండు వంటయింటిలోనే తయారగును. అదియే దాని సౌకర్యము. అదియే దాని భయంకరత్వము.

పిట్టల వేటకు వాడు సన్నని గుండ్లది వేరొక కథ. ఆవగింజలంతటి వానిని ఒక్కొక్కటిగా మూసలో పోయుట సాధ్యము కాదు. కరగిన సీసమును జల్లెడగుండ నీటిలోనికి జారవిడిచిన చుక్కలు చుక్కలుగా గట్టిపడును గాని, అవి తోకలతో, సొట్టలతో నుండును. సీసమునకు హరిదళము చేర్చిన చుక్క గుండ్రనగునని 1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శిని గ్రంథమున వివరించెను. హరిదళములోని పాషాణమే, అనగా ఆర్సెనిక్ అను మూలకమే, ఆ పని చేయును. కొలది పాలు చేరినను ద్రవసీసము చక్కని బిందువుగా ముడుచుకొనును.

అయినను సొట్టలు పూర్తిగా పోలేదు. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరవాసియైన విలియమ్ వాట్సు అను సీసపు పనివాడు 1782లో ఉపాయము కనిపెట్టి హక్కుపత్రము పొందెను. కరగిన చుక్క నీటిని తాకకముందే గాలిలో చాలదూరము పడునట్లు చేసిన, దారిలోనే గుండ్రముగా గట్టిపడును. నీరు దానిని చల్లార్చి, దెబ్బతగులకుండ పట్టుకొనును. ఇందుకై అతడు తన యింటినే పైకి పెంచి, క్రిందికి త్రవ్వి, గోపురముగా మార్చెను. ఆ కట్టడము 1968 వరకు నిలిచియుండెను. రహదారి వెడల్పు చేయుటకై పడగొట్టిరి. అతనిని చూచి ఎన్నో నగరములలో గుండ్ల గోపురములు లేచినవి. 1828లో అమెరికాలోని బాల్టిమోరున కట్టిన దాని యెత్తు సుమారు 234 అడుగులు. ఆకాశమునుండి వాన ఎట్లు కురియునో ఆ గోపురములలో సీసము అట్లు కురిసెడిది.

పందొమ్మిదవ శతాబ్దమున సీసపు మెత్తదనము యుద్ధవిద్యనే మార్చివేసినది. తుపాకి గొట్టము లోపల మెలికలుగా గాడులు తీసిన, గుండు బొంగరమువలె తిరుగుచు గురి తప్పక పోవును. ఆ గాడులనుబట్టియే రైఫిలు అను పేరు వచ్చినది. చిక్కు ఒక్కటే. గుండు గాడులను పట్టుకొనవలెనన్న బిగువుగా నుండవలెను. బిగువుగా నున్న గుండును మూతినుండి దిగగొట్టుటకు ఎంతో సేపు పట్టును. ఫ్రెంచి సేనానియైన క్లోడ్ మీనియే 1849లో అడుగున గుల్లగా నుండు కోలగుండును రూపొందించెను. అది గొట్టములో వదులుగా దిగును. మందు ప్రేలినప్పుడు అడుగుభాగము విప్పారి గాడులను పట్టుకొనును. ఈ విప్పారుటకు మెత్తని సీసము కావలెను. గట్టి మిశ్రమమైన విప్పారదు. సీసపు బలహీనతయే ఇచ్చట బలమైనది.

ఈ పద్ధతిననుసరించినదే ఇంగ్లీషువారి 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు. దాని తూటాలో మందును సీసపు గుండును కాగితమున చుట్టి, కాగితమునకు కొవ్వు రాచెడివారు. మెత్తని సీసము గొట్టమున పూతగా అంటుకొనకుండుటకును, మందు మసి పేరుకొనకుండుటకును ఆ జిడ్డు అవసరమైనది. తూటా కొసను పండ్లతో కొరికి మందు పోయవలెను. ఆ కొవ్వు ఆవుదనియు, పందిదనియు వార్త పుట్టెను. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని చెంబు నీరడుగగా అతడు కులము చెప్పి నిరాకరించెననియు, “త్వరలో ఆవుకొవ్వు కొరుకబోవు నీకు కులమెక్కడిది” అని ఖలాసీ ఎత్తిపొడిచెననియు అచ్చటి యధికారి పైవారికి తెలియజేసెను. మే 10వ తేదీన మీరటున నిప్పంటుకొనెను. ఆ మహాసంగ్రామమునకు కారణములు పెక్కు, లోతైనవి. రాజ్యాపహరణములు, పన్నులు, అవమానములు ఎన్నో యేండ్లుగా పోగుపడినవి. కాని ఆ పోగునకు తగిలిన రవ్వ ఒక లోహపు స్వభావమునుండి పుట్టినదనుట అతిశయోక్తి కాదు. సీసము మెత్తనిది గనుక కొవ్వు కావలసెను.

ఆ సంగ్రామమున మరియొక మార్పును చూతుము. తిరుగుబాటుదారులు తంతిస్తంభములను పడగొట్టి, తీగెలను తునకలుగా నరికి గుండ్లకు బదులు తుపాకులలో కూరిరని ఆ కాలపు కథనములు చెప్పుచున్నవి. నిన్నటివరకు మాటలను మోసిన లోహము నేడు మరణమును మోసినది. ఒలింథస్ నాటి కథయే వేరు రూపమున తిరిగివచ్చినట్లున్నది.

కాలము గడచినకొలది తుపాకి మందు బలము హెచ్చెను. మెత్తని సీసము ఆ వేగమునకు తాళజాలకపోయెను. 1871లో ఇంగ్లీషు సైన్యమున చేరిన మార్టిని-హెన్రీ రైఫిలు గుండు 480 గ్రెయినులు, అనగా 31 గ్రాములు తూగును. అందు పన్నెండు పాళ్ళు సీసమునకు ఒక పాలు తగరము కలిపి గట్టిపరచిరి. అదియు ఎంతోకాలము చాలలేదు. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియేయ్ పొగరాని మందును కనిపెట్టెను. 1886లో దానితో లెబెల్ రైఫిలు వెలువడెను. ఈ క్రొత్త వేగమున సీసపు గుండు గాడులను పట్టుకొనలేక చీరుకొని పోవును. గొట్టమంతయు సీసపు పూతతో నిండును. అంతకుముందే, 1882లో, స్విట్జర్లండు సైనికాధికారియైన ఎడ్వర్డ్ రూబిన్ దారి చూపియుండెను. సీసపు గుండునకు రాగి తొడుగు వేయవలెనని అతని యుపాయము. పైన గట్టి తొడుగు గాడులను పట్టును. లోపలి సీసము బరువునిచ్చును. 1888లో ఇంగ్లీషువారు స్వీకరించిన రైఫిలు గుండునకు రాగి, నికెలు కలిపిన తొడుగు వేసిరి. తరువాతి కాలమున రాగిలో కొంచెము తుత్తునాగము కలిపిన తొడుగు వాడుకలోనికి వచ్చినది. వేల యేండ్లుగా పైకి కనబడిన సీసము ఇట్లు లోపలికి దాగినది.

ఈ తొడుగు గుండు శరీరమున సన్నని రంధ్రము చేసి దూసికొని పోవును గాని, మీదికి ఉరుకు మనిషిని నిలుపదని సరిహద్దు యుద్ధములలోని అధికారులు ఫిర్యాదు చేసిరి. 1890వ దశకమున, మరల ఆ డమ్‌డమ్ ఆయుధశాలలోనే, కెప్టెన్ బర్టీ-క్లే అను నతడు గుండు ముక్కు వద్ద తొడుగు తీసివేసి సీసమును బయటపెట్టెను. తాకినంతనే ఆ సీసము పువ్వువలె విచ్చుకొని శరీరమును చీల్చును. మన దేశమందలి ఒక చిన్న యూరి పేరు ఇట్లు లోకమంతట భయమునకు మారుపేరైనది. 1899లో హేగు నగర శాంతి మహాసభ, శరీరమున విచ్చుకొను గుండ్లను యుద్ధమున వాడరాదని ప్రకటించెను. బ్రిటన్, అమెరికా ప్రతినిధులు ఆనాడు ఎదురు నిలిచిరి. బ్రిటన్ 1907లో గాని ఆ ప్రకటనలో చేరలేదు. వేల యేండ్ల చరిత్రలో ఒక గుండులోని లోహము ఎచ్చట ఉండవలెనను విషయముపై దేశములు కూడి చర్చించుట గమనింపదగినది. మానవుడు చంపుట మానలేదు. చంపుటకును ఒక హద్దుండవలెనని మాత్రము అంగీకరించెను.

ఇప్పుడు అక్షరము వైపు తిరుగుదము. గుండు రాగితొడుగులోనికి పోవు కాలముననే, 1886లో, న్యూయార్కు ట్రిబ్యూన్ పత్రికాలయమున ఆట్మర్ మెర్గెన్‌తాలర్ కనిపెట్టిన లైనోటైపు యంత్రము పనికి దిగెను. అది ఒక్కొక్క అక్షరము గాక, పంక్తికి పంక్తినే పోతపోయును. అందలి లోహమున నూటికి 84 నుండి 86 పాళ్ళు సీసము, 11 లేక 12 పాళ్ళు ఆంటిమొని, 3 లేక 4 పాళ్ళు తగరము. మన తెలుగు అక్షరములును ఈ లోహకుటుంబముననే పుట్టినవి. 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జు తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. 1814లో విలియమ్ కేరీ తెలుగు వ్యాకరణము శ్రీరామపురమున అచ్చయినది. తరువాత చెన్నపట్టణమునను, తెలుగు జిల్లాలలోను అచ్చుకూటములు వెలసినవి. శతకములు, పురాణములు, పంచాంగములు, పెద్దబాలశిక్షలు, మన ముత్తాతలు చదివిన అచ్చుపుస్తకములలో ఎన్నియో సీసపు అక్షరముల ముద్రలే.

అరిగిన అక్షరములను అచ్చుకూటమువారు పారవేసెడివారు కారు. ఒక చిన్న పట్టణపు అచ్చుకూటమున వానిని కరగించుట మేము చిన్ననాట చూచితిమి. ఇనుప మూకుడులో గుప్పెడు “క”లు, గుప్పెడు తలకట్లు వేయగా అవి కొంతసేపు అక్షరములుగానే యుండి, ఒక్కసారిగా వెండివలె మెరయుచు నీరైపోయినవి. ఆ నీటిలో ఏ యక్షరము ఎక్కడనున్నదో ఎవరు చెప్పగలరు? పెద్దాయన మమ్ము దూరముగా నిలువుమని గద్దించెను. ఆవిరి మంచిది కాదని ఆయనకు తెలియును.

ఆ సంగతి అచ్చువారికి ఎన్నడో తెలియును. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పడుచుతనమున, 1724 ప్రాంతమున, లండనులో అక్షరములు కూర్చు పనిలో నుండెను. చలికాలమున వెచ్చచేసిన అక్షరములను పట్టుకొనగా చేతియెముకలలో నొప్పి పుట్టెను. తోటివారు హెచ్చరింపగా ఆ యలవాటు మానెను. 1786లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో సీసము చేయు హానిని వివరించి, ఉపయోగకరమైన సత్యము లోకమునకు తెలిసియు ఆచరణలోనికి వచ్చుటకు ఎంతకాలము పట్టునో చూడుమని నొచ్చుకొనెను. ఆ నొచ్చుకోలు వ్యర్థము కాలేదు గాని ఫలించుటకు రెండు శతాబ్దములు పట్టినది. సీసపు రవ్వలు మ్రింగి నీటిపక్షులు చచ్చుచున్నవని గ్రహించి, అమెరికా 1991లో వాని వేటకు సీసపు గుండ్లను దేశమంతట నిషేధించినది. వేటగాండ్రు విడిచిన కళేబరములలోని సీసము తిని, కాలిఫోర్నియా కాండరు అను మహాగృధ్రములు అంతరించు స్థితికి వచ్చినవి. 1982లో అవి ఇరువదిరెండు మాత్రమే మిగిలినవి. ఆ రాష్ట్రము 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా మాన్పించినది. ఐరోపా సమాఖ్య 2023లో చిత్తడినేలలందు సీసపు రవ్వలను నిషేధించినది. ఉక్కు, బిస్మతు, టంగ్‌స్టన్, రాగి సీసపు స్థానమునకు వచ్చినవి. గుండు ఎవరికి తగిలినదో వానినే గాక, తగులనివారిని గూడ సీసము చంపునని ఇన్నాళ్ళకు తెలిసినది.

కడపటి సంగతి. 1970వ దశకమునుండి సీసపు అక్షరములకు కాలము చెల్లినది. న్యూయార్కు టైమ్సు పత్రిక 1978 జులైలో తన లైనోటైపు యంత్రములను నిలిపివేసినది. ఛాయాచిత్ర పద్ధతియు, గణకయంత్రములును వచ్చి పోత అక్షరములను తొలగించినవి. అచ్చుకూటములు సీసమును తుక్కుగా అమ్మినవి. ఆ తుక్కును వెదకి కొన్నవారిలో అమెరికాలో ఇంటివద్ద గుండ్లు పోసికొను వేడుకకాండ్రు ముఖ్యులు. ఆంటిమొనియు తగరమును తగుపాళ్ళలో ముందే కలిసియున్న అంత చక్కని మిశ్రమము వారికి మరియొకచోట దొరకదు. ఏ పత్రికలో పెండ్లివార్తలై, ఎన్నికల ఫలితములై, శాంతిసంధుల పాఠములై నిలిచిన పంక్తులో అవి కరగి గుండ్లైనవి.

సీసమునకు ఇందు దోషము లేదు. అది మూస చెప్పినట్లు వినును. శాతవాహనుల టంకశాలలో నాణెమైనది, ఒలింథస్ కోట వెలుపల తిట్టైనది, లిచ్‌ఫీల్డు వంటయింటిలో గుండైనది, మన బాలశిక్షలో “అ” అయినది. కరగినప్పుడు అన్నియు ఒక్కటే వెండినీరు. ఇందులో మాకు బాధ కలిగించునది ఒక్కటే. గుండును కరగించి అక్షరము పోసిన వృత్తాంతముల కొరకు చరిత్రలో మేము వెదకితిమి. అక్షరమును కరగించి గుండు పోసిన వృత్తాంతములే చేతికి సులువుగా తగిలినవి. గరిటె పట్టిన చేయి ఏ మూసవైపు వంగవలెనో లోహము చెప్పదు. ఆ మాట ఆ యింటివారే చెప్పవలయును.